ముందు పేజీలకు రోమన్, అధ్యాయాలకు 1, 2, 3: వర్డ్‌లో కుదరడం లేదు

కాగితంపులి:
శుక్రవారంలోగా థీసిస్ ఇవ్వాలి. కృతజ్ఞతలు, విషయసూచిక వగైరా తొమ్మిది పేజీలకు చిన్న రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి 1, 2, 3 ఉండాలట. ముందు పేజీల్లో రోమన్ పెడితే 214 పేజీలూ రోమన్‌లోకి మారిపోతున్నాయి. పోనీ అని అక్కడ నంబరు తీసేస్తే అన్నిట్లోనూ పోతోంది. రెండు రాత్రులుగా ఇదే టెన్షన్.

డీటీపీ బాబాయ్:
అధ్యాయం కొత్త పేజీలో మొదలవడానికి ఏం నొక్కారు? కంట్రోల్ ఎంటరా?

కాగితంపులి:
అవునండీ. కొన్నిచోట్ల పేజీ మారేదాకా ఎంటర్ కొట్టుకుంటూ పోయాను. నవ్వకండి.

డీటీపీ బాబాయ్:
నవ్వను. మా షాపుకొచ్చే ఫైళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. కంట్రోల్ ఎంటర్‌తో పేజీ మారుతుంది గానీ వర్డ్ లెక్కలో అంతా ఒకటే సెక్షన్, అంటే ఒకటే భాగం. ఒక సెక్షన్‌కి ఒకటే నంబరు శైలి. ఆ బ్రేక్ చెరిపేసి, శీర్షిక ముందు కర్సర్ పెట్టి, లేఅవుట్‌లో బ్రేక్స్‌కి వెళ్లి, సెక్షన్ బ్రేక్స్ కింద ఉన్న నెక్స్ట్ పేజ్ ఇవ్వండి. ఇక అధ్యాయం పేజీ ఫుటర్ (అడుగున నంబరు ఉండే చోటు) మీద డబుల్ క్లిక్ చేసి, పేజ్ నంబర్‌లో ఫార్మాట్ పేజ్ నంబర్స్ తెరిచి, స్టార్ట్ ఎట్ దగ్గర 1 పెట్టండి. ముందు పేజీలకు వెళ్లి అదే పెట్టెలో రోమన్ ఎంచుకోండి.

లైబ్రరీ పిల్లి:
బాబాయ్ గారు 'లింక్ టు ప్రీవియస్' సంగతి వదిలేశారు. ముందు సెక్షన్ ఫుటర్‌నే ఈ సెక్షన్‌లోనూ చూపించే ఆప్షన్ అది. శైలి మార్చడానికి అది అడ్డు రాదు. కానీ ముందు పేజీల్లో నంబరు తీసేస్తే అధ్యాయాల్లోనూ పోయేది దానివల్లే. రెండో సెక్షన్ ఫుటర్‌లో దాన్ని ఆపాకే ఏదైనా చెరపండి. అట్ట పేజీ ఒక్కదానికే నంబరు వద్దనుకుంటే 'డిఫరెంట్ ఫస్ట్ పేజ్' టిక్కు చాలు.

పైసాఖర్చులేదు:
నేను లిబ్రేఆఫీస్‌లో (వర్డ్ లాంటిదే, ఉచితం) చేశాను. అక్కడ సెక్షన్లతో పని లేదు, పేజీ స్టైల్స్ ఉంటాయి. ఇన్సర్ట్‌లో మాన్యువల్ బ్రేక్ ఇచ్చి, స్టైల్ ఎంచుకుని, చేంజ్ పేజ్ నంబర్ దగ్గర 1 అనాలి. ఒక్క తిరకాసు: బేసి పేజీ ఎప్పుడూ కుడివైపే రావాలని దాని పట్టుదల. మీలాగా తొమ్మిదితో ఆగి మళ్లీ 1 వస్తే మధ్యలో ఖాళీ పేజీ తనే చొప్పిస్తుంది. పీడీఎఫ్ చూసి నేను హడలిపోయాను.

కాగితంపులి:
వచ్చేసింది! కానీ మూడో అధ్యాయంలో అడ్డంగా పెట్టిన పట్టిక దగ్గర మళ్లీ 1 నుంచి మొదలవుతోంది.

డీటీపీ బాబాయ్:
పేజీ అడ్డం తిప్పడానికి ఇంకో రెండు సెక్షన్ బ్రేకులు పడ్డాయిగా. పాత 'స్టార్ట్ ఎట్ 1' వాటికీ వచ్చేసింది. పట్టికకీ, దాని తర్వాతి సెక్షన్‌కీ 'కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్' ఇవ్వండి. కింద స్టేటస్ బార్ మీద రైట్ క్లిక్ చేసి సెక్షన్ టిక్కు పెడితే ఏ సెక్షన్‌లో ఉన్నారో కనిపిస్తుంది.

లైబ్రరీ పిల్లి:
ఆ సెక్షన్ నంబరు ప్రింటుకీ అవసరం. ఇప్పుడు మీకు రెండు ఐదో పేజీలు ఉన్నాయి కదా, ఉత్త 5 అంటే ఏది వస్తుందో చెప్పలేం. ప్రింటులో పేజీలు అడిగే చోట పీ5ఎస్2 (p5s2) అని ఇంగ్లిష్‌లో కొట్టండి, రెండో సెక్షన్‌లో ఐదో పేజీ వస్తుంది.

కాగితంపులి:
పట్టిక కుదిరింది. విషయసూచికలో మాత్రం మొదటి అధ్యాయం ఇంకా 10వ పేజీ అనే ఉంది.

డీటీపీ బాబాయ్:
దానిమీద క్లిక్ చేసి ఎఫ్9 నొక్కండి. పేజీ నంబర్లు మాత్రమే అన్నది ఎంచుకోండి.

కాగితంపులి:
1 అయింది బాబాయ్ గారూ. స్పైరల్ షాపు ఎనిమిదిన్నరకి మూసేస్తాడట, పరుగు!