పెళ్లి కార్డులో ఆడ పాస్టర్ గారి పేరు ముందు ఏం వేయించాలి?

దేవరకొండ తమ్ముడు:
మాది దేవరకొండ దగ్గర పల్లె. తాతల కాలం నుంచి ఎంబీ సంఘం, అంటే మెన్నోనైట్ బ్రదరెన్. అక్కకు మెదక్ వైపు సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి వాళ్ల సంఘం నుంచి ఒకావిడ వచ్చి ప్రార్థన చేశారు. తెల్లటి నిలువు అంగీ, మెడలో స్టోల్ అనే పొడవాటి పట్టీ, ప్రార్థనలన్నీ పుస్తకం చూసే. మా నాయనమ్మ నా చెవిలో "వీళ్లు రోమన్ వాళ్లేమో రా" అంది. కాసేపాగి తనే, "కాదులే, రోమన్ వాళ్లల్ల ఆడ ఫాదర్ ఉండదు గదా" అంది.

ఇప్పుడు కార్డు టెన్షన్. ప్రెస్సువాళ్లు ప్రూఫులో ఆవిడ పేరు ముందు "ఫాదర్" అని కొట్టారు! నేను "పాస్టరమ్మ" అని దిద్దబోతే అమ్మ ఆపింది. మా దగ్గర పాస్టరమ్మ అంటే పాస్టర్ గారి భార్య. శుక్రవారం లోపు ప్రింటుకివ్వాలి. ఏం వేయించాలి? అంగీ, బిషప్పు అన్నీ ఉన్నాక వీళ్లకూ క్యాథలిక్కులకూ తేడా ఏంటి?

పాలమూరు మాస్టారు:
"రెవ." అని వేయించు బాబూ, రెవరెండ్‌కు పొట్టి రూపం. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా అదే. సీఎస్ఐలో ఆ హోదా పేరు ప్రెస్బిటర్. ముందు డీకన్‌గా, తర్వాత ప్రెస్బిటర్‌గా బిషప్ తలమీద చేతులుంచి అభిషేకిస్తారు. బిషప్ పేరు ముందైతే "రైట్ రెవరెండ్" పడాలి. ఆడవాళ్లకు 1976 నుంచే అభిషేకం ఇస్తున్నారు. 2013లో పుష్పలలిత గారు నంద్యాలకు బిషప్ కూడా అయ్యారు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు ఏకమైతే సీఎస్ఐ అయింది. బిషప్ పద్ధతి ఆంగ్లికన్ల పుట్టింటి సొమ్ము. తమాషా ఏంటంటే, మెదక్ చర్చి కట్టించిన పాస్నెట్ దొర వెస్లియన్ మెథడిస్టు. బ్రిటన్‌లో వాళ్లకు బిషప్‌లే లేరు.

మీ ఎంబీ సంఘం 1860లో అప్పటి రష్యా సామ్రాజ్యంలో మొదలైంది. మీకు బిషప్ లేరు, తోటి సేవకులే చేతులుంచి పాస్టర్‌ను నిలబెడతారు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. సీఎస్ఐలో ఇస్తారు, పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే కన్ఫర్మేషన్ ఉంటుంది. రేపు మీ అక్కకు బిడ్డ పుడితే అసలు చర్చ అప్పుడు మొదలవుతుంది, చూసుకో.

నల్లగొండ విచారణ:
క్యాథలిక్‌ని కాబట్టి చెప్తున్నా, పోలిక అంగీ వరకే. 1896లోనే పదమూడో లియో పోపు ఆంగ్లికన్ అభిషేకాలు చెల్లవని ప్రకటించారు. మా ఫాదర్లు పెళ్లి చేసుకోరు. మాటలు కూడా వేరు. మీ బాప్తిస్మం మాకు జ్ఞానస్నానం, సీఎస్ఐ వాళ్ల బిషప్ మాకు మేత్రాణులు, మీ అభిషేకం మాకు గురుపట్టాభిషేకం. మీ నాయనమ్మ రెండో మాటే కరెక్టు.

సహోదరుడు:
మా బ్రదరెన్ కూటంలో ఈ గొడవే లేదు. అందరం బ్రదర్లమే, కార్డులో కూడా అదే. మీ పేరులోనూ బ్రదరెన్ ఉంది, అయినా పాస్టరుంటాడు!

పాలమూరు మాస్టారు:
ఇంకోటి మర్చిపోయాను. పెళ్లి ఎవరు జరిపిస్తున్నారు? 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టంలో బిషప్ అభిషేకం పొందినవాళ్లది ఒక లెక్క. మీ పాస్టర్ లాంటివారికి పెళ్లి జరిపించే లైసెన్సు ఉండాలి. పేరు ముందు ఏం వేశారన్నది ఎవరూ అడగరు. రిజిస్టరులో సంతకం ఎవరిదన్నది అడుగుతారు.

దేవరకొండ తమ్ముడు:
థాంక్స్ మాస్టారూ. మా పాస్టర్ గారిని అడిగాను, లైసెన్సు ఉందట. ప్రమాణాలు ఆయన చేయిస్తారు, వాక్యం ఆవిడ చెప్తారు. కార్డులో ఇద్దరికీ "రెవ." వేయించాను. ప్రెస్సాయన మళ్లీ ఫోన్ చేశాడు: "రెవ. ఫాదర్ అని పెట్టనా తమ్మీ, నిండుగ ఉంటది?"