లైకెన్‌ని 'నాచు' అనొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. పిల్లల సైన్సు పత్రికకి లైకెన్ల (రాళ్లకీ, చెట్లకీ అంటుకుని పెరిగే జీవుల) మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. వాటిలో దొరికే యాంటీబయాటిక్ పదార్థాల గురించి. సంపాదకులు 'నాచు' అని రాయమంటున్నారు, నాకేమో 'రాతిపువ్వు' బాగుందనిపిస్తోంది. ఉస్నియా అనే లైకెన్‌లో దొరికే ఆమ్లం గురించి రాసిన 'ఉస్నిక్ ఆమ్లం సూక్ష్మజీవులను చంపే మందు' అన్న వాక్యం కూడా ఒకసారి చూడండి.

జవాబు: నాచు వద్దండీ. చెరువు మెట్ల మీద కాలు జారేలా చేసేది నాచు. లైకెన్‌లో శైవలం (ఆల్గే) ఉంటుంది గానీ ఒంటరిగా కాదు, శిలీంధ్రంతో (ఫంగస్‌తో) కలిసి ఉంటుంది. మీరు వెతుకుతున్న ఆమ్లాలను తయారు చేసేది ఆ శిలీంధ్రమే. నాచు అన్నారంటే అసలు పని చేసేవాణ్ణి వదిలేసినట్టే. 'సహజీవనం' అన్న మాటతో కూడా జాగ్రత్త, ఈ రోజుల్లో పిల్లలు దానికి వేరే అర్థం చెప్పుకుంటారు!

జవాబు: రాతిపువ్వు అంటే మా ఇంట్లో బిర్యానీ మసాలా దినుసే. హైదరాబాదులో పత్తర్ కా ఫూల్ అంటారు. ఆయుర్వేదంలో శైలేయం, యునానీలో ఉష్నా. ఉస్నియా అనే శాస్త్రీయ నామం కూడా ఆ అరబ్బీ మాట నుంచే వచ్చింది. మరి రాతిపువ్వు అని రాస్తే తప్పేంటి?

జవాబు: పరిచయానికి తప్పులేదండీ, వ్యాసమంతా వాడితేనే చిక్కు. ఉస్నియా చెట్ల కొమ్మలకు గడ్డంలా వేలాడుతుంది. అక్కడ రాయీ లేదు, పువ్వూ లేదు. పైగా వంటలో వేసే రాతిపువ్వు వేరే లైకెన్, పార్మోట్రీమా పెర్లాటమ్; అందులో ఉండేవి అట్రనోరిన్, స్టిక్టిక్ ఆమ్లం లాంటి వేరే పదార్థాలు. ఉస్నిక్ ఆమ్లం కథ రాతిపువ్వుకి అంటగడితే, రేపు ఎవరో ఒకరు 'బిర్యానీలో యాంటీబయాటిక్' అని వాట్సాప్‌లో పంపుతారు. మొదట ఒకసారి 'రాతిపువ్వు లాంటి లైకెన్లు' అని, ఆ తర్వాత లైకెన్ అనే రాయండి. శైలేయం వాడితే పిల్లలు శైవలంతో కలిపేసుకుంటారు.

ఇక 'చంపే మందు' సంగతి. నాకు అసలు అభ్యంతరం అక్కడే. ఉస్నిక్ ఆమ్లాన్ని 1844లోనే వేరు చేశారు, పెన్సిలిన్ కన్నా ఎంతో ముందు. దాని యాంటీబయాటిక్ గుణం మీద గట్టిగా దృష్టి పడింది మాత్రం 1940లలో. 1944లో అమెరికాలో బర్క్‌హోల్డర్ బృందం లైకెన్ల సారాలను బాక్టీరియా మీద పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. ఆ ప్రయోగాల్లో కనబడేది పెరుగుదల ఆగడం. చంపడం వేరు, పెరగనివ్వకపోవడం వేరు, రోగికి మందుగా పనికిరావడం మరీ వేరు. తెలుగులో 'నాశకం' అని తగిలించగానే ఈ మూడూ ఒకటైపోతాయి. అందుకే 'సూక్ష్మజీవనాశకం' కన్నా 'యాంటీబయాటిక్ గుణం' మేలు. గుణం ఉన్నదల్లా మందు కాదు కదా.

స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా మీద ఉస్నిక్ ఆమ్లం బాగా పనిచేస్తుంది. గ్రామ్ నెగటివ్ వాటికి బయట ఇంకో పొర ఉండడంతో అంతగా లొంగవు. అన్నట్టు ఈ గ్రామ్, తూకం గ్రాము కాదు, డెన్మార్క్ శాస్త్రవేత్త పేరు; ఆయన రంగు పరీక్షను బట్టే బాక్టీరియాను ఈ రెండు రకాలుగా విడదీస్తారు. 'గ్రాము పాజిటివ్' అని అచ్చయిన పుస్తకం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జవాబు: ఉస్నిక్ ఆమ్లాన్ని క్రీముల్లో, పైపూతల్లో వాడారు కదా?

జవాబు: వాడారు. కడుపులోకి వెళితే పెద్ద ప్రమాదం. బరువు తగ్గడానికని ఉస్నిక్ ఆమ్లపు సోడియం లవణం కలిపి అమ్మిన గుళికలు వాడినవారికి కాలేయం దెబ్బతింటే, 2001లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) హెచ్చరించాల్సి వచ్చింది. పిల్లల పత్రిక కాబట్టి ఈ మాట తప్పకుండా పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. వాక్యం ఇలా మార్చాను: 'ఉస్నియా వంటి కొన్ని లైకెన్లలో ఉండే ఉస్నిక్ ఆమ్లం, కొన్ని రకాల బాక్టీరియాను పెరగనివ్వదు.' 'మందు' తీసేశాను. నాచు సంగతి సంపాదకులతో మాట్లాడతాను.

జవాబు: 'కొన్ని' రెండుసార్లు వచ్చినా పర్వాలేదు, రెండూ అవసరమే. ఫోటో మాత్రం మసాలా డబ్బాది కాకుండా ఉస్నియాదే వేయించండి.