డబ్ల్యూటీవో గడువు ముగిస్తే డౌన్‌లోడ్‌ల మీద కస్టమ్స్ సుంకం పడుతుందా?

కోడ్‌కొలిమి (2025 నవంబర్):
విజయవాడ నుంచి చిన్న సాఫ్ట్‌వేర్ టూల్స్, డిజైన్ టెంప్లేట్లు సొంత సైట్‌లోనే అమ్ముతున్నాం. కొనేవాళ్లు ఎక్కువగా ఇండోనేసియా, జర్మనీ, అమెరికా వాళ్లు. ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌మిషన్ల మీద సుంకం వేయకూడదన్న డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) మారటోరియం (తాత్కాలిక నిషేధం) 2026 మార్చితో అయిపోతుందంటున్నారు. ఏప్రిల్ నుంచి డౌన్‌లోడ్‌కింత అని కట్టాలా? ధరలు ఇప్పుడే సవరించుకోవాలా? ఇండియా దీన్ని ఎందుకు వద్దంటోంది?

సుంకాలపద్దు:
ధరల జోలికి ఇప్పుడే వెళ్లకండి. మారటోరియం పోవడం వేరు, సుంకం పడటం వేరు. 1998 మేలో జెనీవా మంత్రుల సమావేశంలో ఒప్పుకున్నది ఒక్కటే: ఇప్పుడు వేయట్లేదు కాబట్టి అలాగే కొనసాగిద్దాం అని. అది శాశ్వత నిబంధన కాదు, పొడిగిస్తూ పోవాల్సిందే. 2024లో అబుదాబిలో పొడిగించినప్పుడు 14వ మంత్రుల సమావేశం, 2026 మార్చి 31, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అక్కడితో సరి అని రాసుకున్నారు. ఆ సమావేశం మార్చి చివర్లో కామెరూన్ రాజధాని యావుండేలో.

గడువు దాటినా, సుంకం వేయాలనుకున్న దేశం ముందు తన చట్టంలో టారిఫ్ లైన్ (సుంకాల పట్టికలో ఆ సరుకుకో పద్దు) పెట్టాలి, రేటు ప్రకటించాలి, ఎవరు కట్టాలో తేల్చాలి. ఇండోనేసియా 2018లోనే తన సుంకాల పట్టిక 99వ అధ్యాయంలో సాఫ్ట్‌వేర్, డిజిటల్ సరుకులకు లైన్లు పెట్టింది, కానీ రేటు సున్నా. 2025 జులైలో అమెరికాతో చేసిన ఉమ్మడి ప్రకటనలో ఆ లైన్లు తీసేస్తామని కూడా ఒప్పుకుంది.

అసలు చిక్కు వసూలులో ఉంది. కంటైనర్‌కైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతిదారు కస్టమ్స్‌కిచ్చే పత్రం) ఉంటుంది, విలువ, మూలదేశం అందులో ఉంటాయి. మీ టూల్‌ని జకార్తాలో ఒకరు డౌన్‌లోడ్ చేస్తే ఫైలు సింగపూర్ సర్వర్ కాపీ నుంచి వెళ్లొచ్చు. అప్పుడు మూలం ఇండియానా, సింగపూరా? మర్నాడు పంపిన 5 ఎంబీ ఉచిత అప్‌డేట్‌కి విలువ ఎంత? దీనికి ఏ కస్టమ్స్ శాఖ దగ్గరా సరైన జవాబు లేదు.

జెనీవాఫైలు:
ఇండియా, దక్షిణాఫ్రికా వాదనలో రెండు ముక్కలు. ఒకటి ఆదాయం: ఒకప్పుడు సీడీలు, పుస్తకాలుగా సరిహద్దు దాటినవి ఇప్పుడు ఫైళ్లుగా వస్తున్నాయి, సుంకం దక్కట్లేదు. 2019లో అంక్టాడ్ (ఐరాస వాణిజ్య, అభివృద్ధి విభాగం) పరిశోధనా పత్రం వేసిన ఏడాదికి 1,000 కోట్ల డాలర్ల నష్టం అంచనాని వీళ్లు పదేపదే చూపిస్తారు. ఎక్కువగా సంపన్న దేశాలుండే ఓఈసీడీ మాత్రం నష్టం స్వల్పమే, జీఎస్టీ లాంటి పన్నుతో రాబట్టుకోవచ్చంటుంది. నాకైతే ఆదాయం లెక్క కంటే రెండో ముక్కే బలంగా కనిపిస్తుంది: 'ట్రాన్స్‌మిషన్' అంటే ఏమిటో 1998 నుంచి డబ్ల్యూటీవోలో నిర్వచించలేదు. ప్రసారం వరకేనా, లోపలి పాట, గేమ్ కూడానా? ఇండోనేసియా మొదటి అర్థమే తీసుకుంటుంది.

ఇంకోటి. సీపీటీపీపీ (పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం) లాంటి వాటిల్లో సుంకం నిషేధం శాశ్వతంగా ఉంది కదా అని ధీమాపడొద్దు. అది సభ్యదేశాల వాళ్ల మధ్య లావాదేవీలకే. 2024 జులైలో ఆస్ట్రేలియా, జపాన్, సింగపూర్ సమన్వయంతో ఖరారైన ఈ-కామర్స్ ఒప్పంద పాఠం కూడా అంతే. ఇండియా రెండింటిలోనూ లేదు.

ఎగుమతిలెక్క:
మీకు తగిలేది సుంకం కాదు, కొనేచోటి పన్ను. మారటోరియం దాన్ని ఎన్నడూ ఆపలేదు.

జర్మనీలో మామూలు వినియోగదారుడికి అమ్మితే 19 శాతం వ్యాట్, ఈయూ బయటి అమ్మకందారుకి కనీస పరిమితి లేదు, మొదటి అమ్మకం నుంచే. ఏదో ఒక ఈయూ దేశంలో నాన్-యూనియన్ ఓఎస్ఎస్‌లో (ఈయూ బయటివాళ్లు వ్యాట్ ఒకేచోట కట్టే పద్ధతి) రిజిస్టర్ అయితే 27 దేశాలకీ మూడు నెలలకో రిటర్న్ చాలు. కొనేవాళ్ల చోటుకి ఐపీ, బిల్లింగ్ అడ్రస్ లాంటి రెండు ఆధారాలు, ఒకదానితో ఒకటి పొసగేవి దాచాలి, రికార్డులు పదేళ్లు. ఈ రెండో ఆధారం దగ్గరే చాలామంది దొరికిపోతారు, చెకౌట్‌లో బిల్లింగ్ దేశం అడగరు మరి. యాప్ స్టోర్ ద్వారా అమ్మితే వ్యాట్ స్టోరే చూసుకుంటుంది. ఇండోనేసియాలో ఏడాదికి 60 కోట్ల రూపియా అమ్మకాలో 12,000 మంది వాడకందార్లో దాటితే అక్కడి వ్యాట్ వసూలు మీకు అప్పగించొచ్చు. అమెరికాలో అమ్మకం పన్ను రాష్ట్రానికో తీరు. చాలాచోట్ల అమ్మకాల పరిమితి లక్ష డాలర్లు, కొన్ని రాష్ట్రాలు డౌన్‌లోడ్‌ల మీద అసలు వేయవు.

ఇక ఇండియాలో, జీఎస్టీ ఫారం ఆర్‌ఎఫ్‌డీ-11లో ఎల్‌యూటీ (ఐజీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికిచ్చే హామీపత్రం) ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా ఇవ్వాలి. ఏప్రిల్‌లో మర్చిపోయి ఇన్‌వాయిస్ కొట్టారంటే ఐజీఎస్టీ ముందు కట్టి రిఫండ్ కోసం తిరగాలి. డబ్బు ఇన్‌వాయిస్ తేదీ నుంచి ఏడాదిలోపు రావాలి.

కోడ్‌కొలిమి:
అదే టూల్‌ని పెన్‌డ్రైవ్‌లో పంపితే?

సుంకాలపద్దు:
అప్పుడది సరుకు, మారటోరియం వర్తించదు. అమెరికాకైతే 800 డాలర్లలోపు పార్సిళ్లకున్న మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి లేదు. లింకే పంపండి.