1971లో బసంతర్ దగ్గర పోరాడిన మాజీ సుబేదార్ జ్ఞాపకాలు: జనం చదివే పుస్తకంగా ఎలా తేవాలి?

పెన్నా_గట్టు (ప్రశ్న)
మాది కావలి. మా పెదమామయ్య 16 మద్రాస్ బెటాలియన్లో చేసి సుబేదార్‌గా రిటైరయ్యారు. 1971 డిసెంబర్ పాకిస్తాన్ యుద్ధంలో, పడమటి సరిహద్దున షకర్‌గఢ్ సెక్టార్లో బసంతర్ నది దాటినప్పుడు ఆయన సిపాయి. తెలుగులోనే నాలుగు నోటు పుస్తకాలు రాసిపెట్టుకున్నారు. అయితే కళ్లారా చూసిందీ, తర్వాత పేపర్లలో చదివిందీ అందులో కలిసిపోయాయి. మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో పుస్తకాల్లా మామూలు జనం కూడా చదివేటట్టు రావాలని ఆయన కోరిక. రికార్డులతో సరిచూడడం ఎట్లా? పర్మిషన్ ఏమైనా కావాలా? అచ్చు సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండన్నా.

గుండ్లకమ్మ
కార్డోజో పేరు ఎత్తారు కాబట్టి ముందు ఆయన పద్ధతి గమనించండి. 1971లో ఆయన 5 గూర్ఖా రైఫిల్స్‌లో మేజర్. మందుపాతర మీద కాలుపడి నుజ్జయితే, ఆ కాలిని తన ఖుక్రీతో (గూర్ఖాల వంకర కత్తి) తనే తెంచుకున్నారు. తర్వాత కృత్రిమ కాలుతోనే బెటాలియన్‌ను నడిపారు. ఇంత కథ చేతిలో ఉన్న మనిషి, పేరు తెచ్చిన పుస్తకాల్లో రాసింది ఎక్కువగా పక్కవాళ్ల గురించే. పరమవీర చక్ర గ్రహీతల గురించి రాశారు. 1971 డిసెంబర్ 9న మునిగిన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ గురించి రాశారు. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయిన ఆ ఓడలో ఆయన లేరు. బతికి బయటపడ్డవాళ్లు చెప్పింది పోగుచేసి నిలబెట్టారు. ఎవరు చెప్పారు, అప్పుడు వాళ్లు ఎక్కడున్నారు అన్నది పాఠకుడికి తెలుస్తూ ఉంటుంది, నమ్మకం అక్కడే కుదురుతుంది.

మీ పని కూడా అక్కడే మొదలవ్వాలి. నోటు పుస్తకాలు జిరాక్స్ తీయించండి, అసలు వాటి మీద గీతలు పెట్టొద్దు. జిరాక్స్ కాపీలో ప్రతి వాక్యం కింద మూడు రంగుల్లో ఒకటి గీయండి: కళ్లారా చూసింది, ఆ వారంలోనే తోటివాళ్ల నోట విన్నది, తర్వాత చదివిందీ విన్నదీ. ఏ రంగో మీరు నిర్ణయించొద్దు, మామయ్యగారే చెప్పాలి. మొదటి రంగు పుస్తకానికి వెన్నెముక. రెండోది "ఫలానా హవల్దార్ చెప్పగా" అని పేరు పెట్టి వాడుకోవచ్చు. మూడోదాన్ని నిర్దాక్షిణ్యంగా తీసేసి, అవసరమైనంత మేరకు మీరు విడిగా చదివి రాయండి. తెలుగులో వచ్చే సైనికుల జ్ఞాపకాలు చాలావరకు ఇక్కడే దెబ్బతింటున్నాయి. మొదటి ముప్పై పేజీలు దేశ విభజనతో నింపేస్తారు. రాసిన మనిషి కనపడేసరికి పాఠకుడు పుస్తకం మూసేసి ఉంటాడు.

మ్యాపు_చదువరి
సరిచూసే పని గురించి నేను చెబుతాను.

మొదట గడియారం. పాకిస్తాన్ టైము మనకన్నా అరగంట వెనక. పడమటి సరిహద్దులో డిసెంబర్ 17న రాత్రి 8 గంటలకు కాల్పుల విరమణ అంటే వాళ్ల లెక్కలో ఏడున్నర. అవతలివాళ్ల పుస్తకాలు కూడా చదివి పోల్చేటప్పుడు ఇది మరిచిపోతే ఒకే దాడి రెండు దాడులవుతుంది. తేదీ కూడా అంతే. రాత్రి దాడిని సైన్యం "15/16 డిసెంబర్" అని రాస్తుంది. మామయ్యగారు 15 అంటే, అర్ధరాత్రికి ముందా తర్వాతా అని అడగండి.

తర్వాత స్థలం. నోట్సులో ఆరంకెల గ్రిడ్ రెఫరెన్స్ (మ్యాపు మీద చోటు చెప్పే అంకెలు) ఉంటే మొదటి మూడు అంకెలు తూర్పుకు, చివరి మూడు ఉత్తరానికి. అది వంద మీటర్ల చదరాన్ని చూపిస్తుంది, అంతకన్నా సూక్ష్మంగా చూపదు. ఏ మ్యాపు షీటో తెలియకపోతే ఆ అంకెలతో పనిలేదు. దూరాలు గజాల్లో చెప్పారా మీటర్లలో చెప్పారా అన్నది కూడా రాసుకోండి.

రికార్డుల మాటకొస్తే, 2021 జూన్‌లో రక్షణ శాఖ తెచ్చిన విధానం ప్రకారం వార్ డైరీల (యూనిట్ రోజువారీ రాసే యుద్ధ నమోదు) వంటి రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలి. పరిశీలన అయ్యాక నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలి. ముందు వాళ్ల అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్లో వెతకండి. దొరక్కపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "యుద్ధం వివరాలు ఇవ్వండి" అని రాస్తే తిరిగొస్తుంది. బెటాలియన్ పేరు, నెల, కావలసిన కాగితం పేరు రాయాలి: "16 మద్రాస్, 1971 డిసెంబర్, వార్ డైరీ". 20 ఏళ్లు దాటింది కదా ఇచ్చేస్తారు అనుకోవద్దు. ఆ చట్టం సెక్షన్ 8(3)లో ఆ వెసులుబాటు ఉన్నా, దేశ భద్రతకు సంబంధించిన 8(1)(ఎ)ని దానికి మినహాయింపుగానే ఉంచారు.

వార్ డైరీ రాకపోయినా పని ఆగదు. శౌర్య పురస్కారాల సైటేషన్లు (ఎందుకిచ్చారో చెప్పే అధికారిక వివరణలు) ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉన్నాయి. బసంతర్ దగ్గరే పూనా హార్స్ (ట్యాంకుల రెజిమెంట్) సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్‌కు, 3 గ్రెనేడియర్స్ మేజర్ హోషియార్ సింగ్‌కు పరమవీర చక్ర వచ్చింది. ఆ రెండు సైటేషన్ల తేదీలు, ఊళ్ల పేర్లు ముందు పెట్టుకుని మామయ్యగారి రోజులను వాటి పక్కన పేర్చండి. కూలిన ట్యాంకుల లెక్క మాత్రం ఎక్కడా ఒకేలా ఉండదు. ఒకే ట్యాంకును ఇద్దరు ముగ్గురు కొట్టామనుకుంటారు. కాబట్టి "ఆయన చూసినవి ఇన్ని" అని రాసి వదిలేయండి.

పెన్నా_గట్టు
చాలా థాంక్స్ అండీ. ఆయన్ని అడుగుతుంటే "భీకరంగా జరిగింది" అని ఆపేస్తున్నారు. ఎట్లా అడగాలి?

గుండ్లకమ్మ
"ఆ రాత్రి ఏం జరిగింది" అని అడిగితే ఎవరైనా అంతే చెబుతారు. చేతికీ ఒంటికీ తగిలినవాటి గురించి అడగండి. కుడిపక్క ఎవరున్నారు? కాళ్లకు బూట్లు తడిశాయా, ఎంతవరకు? చివరిసారి ఏం తిన్నారు? తూటాల మ్యాగజైన్లు ఎన్ని మోశారు, ఎక్కడ కట్టుకున్నారు? ఎస్ఎల్ఆర్ రైఫిల్ మ్యాగజైన్‌లో 20 తూటాలు. ఆయన 30 అంటే అబద్ధమని కాదు, ఆ రోజు ఎల్ఎంజీ (తేలికపాటి మెషిన్ గన్) మ్యాగజైన్లు కూడా మోసి ఉండొచ్చు. ఆ చిన్న తేడా దగ్గరే తర్వాతి ప్రశ్న దొరుకుతుంది. మ్యాపు చూపించకముందే ఒక తెల్లకాగితం మీద నది, మందుపాతర్ల మేర, తన ట్రెంచి గీయించండి. మ్యాపు చూశాక గీస్తే అది మ్యాపు జ్ఞాపకమే అవుతుంది. పొద్దుటి పూట ముప్పావుగంటకు మించొద్దు. రాత్రి భోజనం తర్వాత అస్సలు వద్దు, ఆ రాత్రి నిద్ర పాడవుతుంది. రికార్డింగ్ ఆన్ చేయగానే తేదీ, ఆయన పేరు చెప్పి మొదలుపెట్టండి.

అచ్చుపని_ఒంగోలు
పర్మిషన్: సర్వీసులో ఉన్నవాళ్లకు ముందస్తు అనుమతి తప్పనిసరి. రిటైరైనవారికి ఆ నియమం లేకపోయినా, 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఎప్పటికీ వర్తిస్తుంది. నోట్సులో కోడ్ పదాలు, ఇప్పటికీ వాడకంలో ఉండే స్థావరాల వివరాలు ఉంటే తీసేయండి. వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ద్వారా బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్‌కు పుస్తకం సంగతి చెబుతూ ఒక ఉత్తరం పంపండి. సర్వీస్ నంబరు, ర్యాంకు, పనిచేసిన కాలం డిశ్చార్జి బుక్కులో ఉన్నట్టే రాయాలి.

మ్యాపు: గూగుల్ నుంచి తీసి అతికించొద్దు. సర్వే ఆఫ్ ఇండియా హద్దులకు భిన్నంగా భారతదేశ పటం అచ్చేస్తే, 1961 చట్టం కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. జమ్మూ కశ్మీర్ మొత్తం చూపించే పటం మీకు అవసరమే లేదు. నది, రెండు మూడు ఊళ్లు, స్కేలు, ఉత్తర దిక్కు బాణం ఉన్న చేతి స్కెచ్ చాలు.

అచ్చు: డెమ్మీ 1/8 సైజుకు ఫారం (ఒకేసారి అచ్చేసి మడిచే కాగితం) 16 పేజీలు. 192 పేజీలంటే సరిగ్గా 12 ఫారాలు. 195 వచ్చిందంటే 13 పేజీలు తెల్లగా పోతాయి, అందుకే రాసేటప్పుడే లెక్క చూసుకోండి. లోపల 70 జీఎస్ఎం మ్యాప్‌లితో, ఫొటోలకు విడిగా 8 పేజీల ఆర్ట్ పేపర్. బొటనవేలంత పాత పాస్‌పోర్ట్ ఫొటోలను 1200 డీపీఐలో స్కాన్ చేయండి, పెద్దవి చేసినా తట్టుకుంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే అచ్చులో మసక తేలుతుంది.

మీరు యూనికోడ్‌లో టైప్ చేసి ఇస్తే డీటీపీ (పేజీలు కూర్చే) వాళ్లు చాలాచోట్ల యూనికోడ్ కాని అను ఫాంట్స్‌కు మారుస్తారు. అక్కడ ఒత్తులు, కొటేషన్ గుర్తులు, అంకెలు తారుమారవుతాయి. తేదీలూ యూనిట్ నంబర్లే ప్రాణమైన పుస్తకం ఇది. కాబట్టి చివరి ప్రూఫ్ మార్చిన తర్వాతే, కాగితం మీదే, పక్కన రాతప్రతి పెట్టుకుని ఇద్దరు చదవాలి. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు చూడాలి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితం, మధ్యవర్తికి డబ్బులివ్వొద్దు. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరాతో పాటు చట్టంలో చెప్పిన మిగతా లైబ్రరీలకూ ఒక్కో కాపీ పంపాలి. మొదట 300 కాపీలకు మించి వేయొద్దు. పుస్తకం చదివిన పాత జవాన్లు తప్పులు పట్టుకుని ఫోన్లు చేస్తారు, ఆ దిద్దుబాట్లన్నీ రెండో ముద్రణలో వేసుకోవచ్చు.

ఇంకొకటి. పోయినవాళ్ల పేర్లు రాసేముందు నేషనల్ వార్ మెమోరియల్ జాబితాలో స్పెల్లింగ్, ర్యాంకు చూడండి. ఎట్లా పోయారన్నది వివరంగా రాస్తుంటే, ఆ పేజీలు ముందుగా వాళ్ల ఇంటివాళ్లకు చూపించి, సరేనన్నాకే ప్రెస్సుకు ఇవ్వండి.