కుక్కపిల్ల టీకాల గురించి చిన్న సలహా కావాలి

మా కుక్కపిల్లకి పది వారాలు. కుక్కలకి వచ్చే వైరస్ జబ్బులైన పార్వో, డిస్టెంపర్‌లకి మొదటి టీకా అయింది. రేబిస్‌ది 12 వారాలు నిండాక వేస్తామన్నారు. ఈలోపే మొన్న ఆటలో మా పాప వేలు కొరికింది. సూదిమొనంత గాటే, కానీ రక్తం చుక్క కనబడింది. వెంటనే సబ్బు పెట్టి 15 నిమిషాలు కుళాయి కింద కడిగాం. డాక్టర్ పాపకి టీకా మొదలుపెట్టి, కుక్కపిల్లని పది రోజులు గమనించమన్నారు. ఇప్పటికి నాలుగు రోజులు. చెప్పులు కొరుకుతూ హుషారుగానే ఉంది (టెన్షన్ అంతా మాకే).

ఇలా గమనిస్తున్న రోజుల్లోనే దానికి రేబిస్ టీకా వేయించొచ్చా, పది రోజులూ అయ్యేదాకా ఆగాలా? మీలో ఎవరికైనా ఇలా జరిగితే మీ పశువైద్యులు ఏమన్నారు?

ఇంకొకటి. లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం నుంచి కుక్కలకి సోకే బ్యాక్టీరియా జబ్బు) కుక్క మూత్రం ద్వారా మనుషులకీ వస్తుందట. మా కుక్కపిల్ల ఇంకా ఇల్లంతా తడిపేస్తోంది, పాపేమో నేల మీదే ఆడుతుంది. ఆ జబ్బుకి టీకా రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి అంటున్నారు. ఇంట్లోనే ఉండే కుక్కకి అది అవసరం లేదని మావాళ్ల వాదన. ఎలుకలు తిరిగే ఇల్లు మాది, నాకైతే వేయించాలనే ఉంది. వేయించినవాళ్లు ఉంటే, తర్వాత జ్వరం, నీరసం లాంటివి ఎన్నాళ్లున్నాయో చెప్తారా?