డెల్ 9020 బోర్డుకి మామూలు ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) పెట్టొచ్చా?

అందరికీ నమస్తే. తమ్ముడి డిగ్రీ చదువుకని వీలైనంత చవగ్గా ఓ కంప్యూటర్ బిగిస్తున్నా. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో డెల్ ఆప్టిప్లెక్స్ 9020 మదర్‌బోర్డు, ఐ5-4590 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికాయి.

చిక్కల్లా పవర్ దగ్గరే. మామూలు ఎస్‌ఎంపీఎస్‌కి 24 పిన్నుల కనెక్టర్ ఉంటే, ఈ బోర్డుకి ఉన్నది 8 పిన్నుల సాకెట్. డెల్ వాళ్ల లెక్కే వేరు కదా! 24 నుంచి 8కి మార్చే కేబుల్ ఎవరైనా వాడారా? వైర్లు వేడెక్కుతున్నాయా? హార్డ్‌డిస్క్‌కి కరెంటు బోర్డు నుంచే తీసుకోవాలా, ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా ఇవ్వొచ్చా?

ఇంకోటి, ఇంట్లో ఉన్న పాత క్యాబినెట్ పవర్ బటన్ వైరు ఈ బోర్డులో ఏ పిన్నులకి తగిలించాలి?

విండోస్ 11 సపోర్ట్ చేసే ప్రాసెసర్ల లిస్టులో ఇది ఎలాగూ లేదు, అందుకే దాని బదులు లినక్స్ మింట్ వేస్తా. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఇంత తంటా దేనికి, డెల్‌దే పాత ఎస్‌ఎంపీఎస్ కొనుక్కోమంటారా?