గుప్తి: చేతికర్రలో దాగిన కత్తి పేరు, కథలో ఆ పేరు పలికే సమయం

ప్రశ్న: ఆంగ్ల, జపాను కథలలో చేతికర్ర లోపల ఆయుధం దాచుకొని తిరిగే పాత్రలు తరచుగా కనిపిస్తాయి. అనువాదంలో దానిని "కత్తికర్ర" అనవచ్చునా? ఇంతకంటె మంచి మాట మనకు ఉన్నదా?

సమాధానం: ఉన్నది. చేతికర్రను ఒరగా చేసుకొన్న సన్నని కత్తిని గుప్తి అంటారు. హిందీలోను, మరాఠీలోను ఇదే మాట ఇదే అర్థంలో వాడుకలో ఉన్నది కనుక కొత్తగా పదం కల్పించవలసిన పని లేదు. సంస్కృతంలో "గుప్" ధాతువుకు కాపాడుట, దాచుట అనే రెండర్థాలూ ఉన్నాయి. చంద్రగుప్తుడి పేరులో మొదటిది, గుప్తదానంలో రెండవది మనకు పరిచితమే. మనస్సును, వాక్కును, శరీరాన్ని అదుపులో ఉంచుకోవడాన్ని జైనులు మనోగుప్తి, వాగ్గుప్తి, కాయగుప్తి అంటారు. అహింసను పరమధర్మంగా ఎంచేవారి పారిభాషిక పదమే ఒక మారణాయుధానికి కూడా పేరు కావడం విచిత్రమే.

"కత్తికర్ర" తప్పు కాదు గాని, అందులో కత్తీ కర్రా రెండూ బయటికే కనిపిస్తున్నాయి. గుప్తి అన్న మాటలో ఆ రెండూ లేవు, దాపరికం మాత్రమే ఉన్నది. అయితే ఈ గుణం వల్లనే అనువాదకుడు దీనిని ఎక్కడ వాడాలో ఆలోచించుకోవాలి. గుప్తి అనగానే పాఠకుడికి రహస్యం తెలిసిపోతుంది. అందుచేత కథ చెబుతున్న వ్యక్తికి ఆ క్షణాన ఆ రహస్యం తెలుసునా లేదా అన్నదే ప్రమాణం కావాలని నా అభిప్రాయం.

జపాను జాతోయిచి కథలను తీసుకొందాము. 1962లో షింతారో కత్సు నటించిన తొలి చిత్రంతో ప్రసిద్ధుడైన ఈ పాత్ర, ఒళ్లు పట్టి బతికే గుడ్డివాడు. పొడవైన కత్తి ధరించే హక్కు సమురాయి వర్గానికే ఉన్న కాలంలో గుడ్డివాడి చేతిలో కర్రను ఎవరూ శంకించరు. ఆ ఆయుధాన్ని జపానీయులు "షికోమిజుయె" అంటారు. కర్రకు వారి మాట "త్సుయె". సమాసంలో ఉత్తరపదంగా చేరగానే దాని తొలి హల్లు సరళమైనది. మన "అన్నదమ్ములు", "కూరగాయలు" వంటి పదాలలో పరుషాలు మారిన తీరు చూసినవారికి ఇది కొత్తగా తోచదు. ఇక్కడ ప్రేక్షకుడికి కర్ర సంగతి ముందే తెలుసు, తెలియనిది ఎదుటి రౌడీలకే. కాబట్టి కథకుడు మొదటి నుంచీ గుప్తి అనవచ్చును. రౌడీల నోట మాత్రం "కర్ర" అనే రావాలి.

కానన్ డాయిల్ 1903లో ప్రచురించిన "ఖాళీ ఇల్లు" కథలో పరిస్థితి వేరు. షెర్లాక్ హోమ్స్ నివాసానికి ఎదురుగా ఉన్న ఇంటిలో, చీకటిలో, హోమ్స్, వాట్సన్ దాగి ఉండగా, హోమ్స్‌ను చంపదలచిన కర్నల్ మోరన్ లోనికి వస్తాడు. అతని చేతిలోనిది కథ చెబుతున్న వాట్సన్ కళ్లకు కర్రలాగే కనిపిస్తుంది, నేల మీద పెట్టినప్పుడు మాత్రం లోహపు చప్పుడు వినిపిస్తుంది. కోటు జేబులో నుంచి తీసిన మరొక భాగాన్ని దానికి బిగించిన తరువాతనే అది తుపాకి అని వాట్సన్‌కు అర్థమవుతుంది. ఈ ఘట్టంలో అనువాదకుడు తొందరపడి ఆయుధం పేరు ముందే చెబితే, ఆ చప్పుడుకు ఉన్న విలువ అంతా పోతుంది. చప్పుడు వినబడే వరకు "చేతికర్ర" అనే ఉండాలి, ఆ తరువాత కూడా కొన్ని వాక్యాల దాకా అనుమానమే ఉండాలి.

మరొక ప్రశ్న: మోరన్ ఆయుధం బయటపడిన తరువాత దానిని గుప్తి అనవచ్చునా?

సమాధానం: ధాతువును బట్టి అనవచ్చును, వాడుకను బట్టి కూడదు. గుప్తి అంటే పాఠకుడు కత్తినే ఊహిస్తాడు. మోరన్‌ది మందుగుండుతో కాక గాలి ఒత్తిడితో పేలే తుపాకి. ఫాన్ హెర్డర్ అనే అంధుడైన జర్మన్ యంత్రకారుడు దానిని తయారు చేశాడని డాయిల్ రాశాడు. చేతికర్ర రూపంలోని గాలితుపాకులు పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో నిజంగానే అమ్మేవారు. "గుప్తతుపాకి" అని సమాసం చేస్తే, మిశ్రసమాసమన్న ఆక్షేపణను పక్కన పెట్టినా, ఏదో మూల దాచిపెట్టిన తుపాకి అన్న అర్థం వస్తుంది. దానికంటె "కర్రలో ఇమిడిన గాలితుపాకి" అని ఒకసారి విప్పి చెప్పి, ఆ పైన "తుపాకి" అని ఊరుకోవడమే మేలు.